సప్తసీతాఫలాన్వేషణము

దక్షిణాపథమున, దక్కను పీఠభూమి నడినెత్తిన, ఒకప్పుడు గుండ్లును సీతాఫలపు పొదలును తప్ప అన్యమెరుగని గుట్టలను బద్దలుకొట్టి లేపిన అద్దాల మేడల అరణ్యమున, మెట్రో స్తంభములకు పడమర, ఫ్లైఓవరునకు దిగువ, పక్కసందు బిర్యానీ వాసనకు ఎగువ, నీలాద్రి టవరను పదునాలుగంతస్తుల సౌధరాజము గర్భమందు, బేస్‌మెంటు రెండు అను పాతాళలోకమున, భాద్రపదము వెళ్ళి ఆశ్వయుజము తొంగిచూచుచున్న ఒకానొక శుక్రవారము, లంచి తిన్న ఉద్యోగిలోకమంతయు కునికిపాట్లు పడు రెండు గంటల పదునాలుగు నిమిషముల ముహూర్తమున, ఎర్ర ప్లాస్టిక్కు కుర్చీ సింహాసనముగా, ఈల ఆయుధముగా, ‘స్టాప్’ అని రాసిన రేకుపలక డాలుగా కొలువుతీరి యున్న మహావీరుడెవ్వడయ్యా అనిన, నర్సయ్య. సెక్యూరిటీ నర్సయ్య.

సిద్దిపేట సీమ సంభవుడు, మూసాపేట కిరాయిగది నివాసి, తొమ్మిదేండ్ల నిరంతర ద్వారపాలన దీక్షాదక్షుడు, కార్డు లేక వచ్చిన కంపెనీ పెద్దసారునే అరగంట గుమ్మము వద్ద నిలబెట్టిన నిర్భయుడు. ఆ పెద్దసారు ఆనాడు కోపమునకు వచ్చి, పిదప మెచ్చుకొని, ఒక స్టీలు వాటర్ బాటిలు బహూకరించెను. మూత అప్పటినుండియు కారుచునే యున్నది.

ఆ ఉదయము మొదలు పాతాళమందు ఒక తియ్యని వాసన తిరుగాడుచుండెను. నర్సయ్య రెండు మూడు మార్లు ముక్కెగబీల్చి, “ఎవరో కార్ల కొత్త సెంటు గొట్టిండ్రు” అనుకొని ఊరకుండెను. శ్రోతలారా, ఈ వాసనను జర జ్ఞాపకముంచుకొనుడు. మన వీరుడు ఉంచుకొనలేదు.

ఇక నిధి వృత్తాంతము. బంగారమా? కాదు. వజ్రవైడూర్యములా? అవి ఈ కథకు చిల్లర సరుకు. నర్సయ్య స్వగ్రామమున, చెల్క యనెడి మెట్టచేని గట్టు మీద, వాని తాత నాటిన సీతాఫల వృక్షమొకటి గలదు. ఈ ఏడు కోతిమూకలు దాని మీద దండెత్తి, కాయలన్నియు కొరికి, కొరికిన వాటిని నర్సయ్య ఇంటి కప్పు మీదనే విసరి, కొసకు మిగిల్చినవి ఏడే ఏడు. పచ్చని బుడిపెల నడుమ తెల్లని గీతలు తెరచుకొని, కన్ను విచ్చినవని జనులు మురిసెడి ఆ ఏడింటిని నర్సయ్య పోయిన ఆదివారము స్వహస్తములతో కోసి తెచ్చెను.

ఏల తెచ్చెను? వాని ఏకైక పుత్రిక భవాని, మియాపూర్ డిపో వెనుక గదిలో కాపురముండి, ఆరవ నెల గర్భముతో, అన్నము చూచిన మొగము తిప్పుకొనుచు, ఫోనులో ఒక్కటే అడిగినది: “నాయినా, మన చెల్కగట్టు మీది సీతాఫలం తినబుద్ధైతుంది.” దానికి మన వీరుడు చేసిన ఘనకార్యమేమి? ఊరికి పోవ సెలవు దొరకక, మూసాపేట స్టేషను కింద బండి మీద నాలుగు కాయలు కొని, “మన చెట్టువే బిడ్డా” అని పట్టుకపోయెను. ఆ సాధ్వి ఒక్క తొన నోట వేసికొని, గింజ అరచేత ఉమ్ముకొని, దాని వంకను తండ్రి వంకను మార్చి మార్చి చూచి ఇట్లనెను: “నాయినా, ఇది మన చెట్టుది కాదు. నువ్వు మోసపోయినవా, నన్ను మోసం జేస్తున్నవా?”

“మోసపోయిన బిడ్డా” అనెను నర్సయ్య. పెద్దసారును నిలబెట్టిన నిర్భయుడు ఆరునెలల గర్భిణి ముందర తల దించుకొనెను. ఆ మాట మూడు వారములుగా వాని గొంతులో చేపముల్లువలె అడ్డుపడి యున్నది.

కాయలు తెచ్చుట ఒక ఎత్తు, మాగబెట్టుట ఒక ఎత్తు. బియ్యపు డబ్బాలో పూడ్చవచ్చును గాని, కిరాయిగదిలో బియ్యపు డబ్బాపై సర్వాధికారి ఎల్లేశము. వాడు నర్సయ్యకు గది సహవాసి, ఉద్యోగ సహచరుడు, ఎవని డబ్బా మూతయైనను చప్పుడు గాకుండ తీయగల కళాకోవిదుడు. వాని చేతికి చిక్కిన సీతాఫలమునకు గింజ కూడ మిగులదు. అందుచే సోమవారమున, మూడవ అంతస్తున కావలియున్న నర్సయ్య, కంపెనీ రహస్యపత్రములను నమలి సన్నని పేలికలుగా ఉమ్మెడి యంత్రరాక్షసుని పక్కన, ఆ పేలికలతో నిండిన నిలువెత్తు డబ్బాను గాంచెను. మెత్తగా, వెచ్చగా, అచ్చము వరిగడ్డి! రహస్యములన్నియు గడ్డియైనచోట నా రహస్యము కూడ భద్రమే గదా యని తలపోసి, ఏడు కాయలను అందులో మోచేతి లోతున పూడ్చి, విజిటర్ స్లిప్పు వెనుక పటము గీసెను: లిఫ్టుకొక గీత, టీ పోసుకొను చోటికొక చదరము, పూలకుండీకొక సున్న. నిధి యున్న తావున, నుదుటి కుంకుమను గోట గీకి, ఒక బొట్టు పెట్టెను.

మరునాడే సూపర్‌వైజరు డ్యూటీలు మార్చెను. నర్సయ్య పాతాళమునకు. మూడవ అంతస్తునకు ఎవరనుకొంటిరి? ఎల్లేశము!

అయినను నర్సయ్య చలింపలేదు. మాగుచున్న కాయను మధ్యలో ముట్టినచో గొడ్డుబారునని వాని తల్లి నేర్పినది. కావున నాలుగు దినములు పండ్లు బిగబట్టి, శుక్రవారము డ్యూటీ దిగిన పిదప తీయుదుమని నిశ్చయించుకొనెను. సీతాఫలమునకు యౌవనము ఒక్కటే దినము. నిన్న రాయి, నేడు పండు, రేపు ఈగల పాలు.

ఇంతలో, చెప్పితిని గదా, రెండు గంటల పదునాలుగు నిమిషములు, ఒక లారీ ర్యాంపు దిగి వచ్చి నిలిచెను.

“ఏం సరుకు?” అని గర్జించెను నర్సయ్య.

“కాగితం ముక్కలన్నా. అన్ని అంతస్తులయి. మూడింటికి మిల్లుకు పోవాలె” అని డ్రైవరు నోరు కడుగుకొనుచు చెప్పెను.

ఆ మాట విని మన వీరుడు లేచిన ఊపునకు ఎర్ర సింహాసనము వెల్లకిల పడెను. మిల్లు! సీతాఫలములు అట్టపెట్టెలగును! తన బిడ్డ కోరిక ఎవరింటికో చెప్పుల డబ్బాయై పోవును! లంచి విరామము మూడింటివరకే. తన బదులు కావలికి వచ్చిన రిలీవరుకు పలకను అప్పగించి, అన్నపు డబ్బా విప్పక, ఖాళీ గుడ్డసంచి చంకన బెట్టి, పటము చేతబట్టి బయలుదేరెను.

అయితే పాతాళవాసికి పై లోకముల ప్రవేశము లేదు. కార్డు గలవాని సాయము కావలెను. దైవికముగా అప్పుడే స్కూటరు డిక్కీలో మరచిన చార్జరు కొరకు దిగివచ్చెను జశ్వంతు: భీమవరము వాస్తవ్యుడు, సాఫ్ట్‌వేరు యోధుడు, చెవులలో సన్నని తెల్లని గొట్టములు ధరించి ఏదో మీటింగులో సగము ప్రాణము పెట్టియుండు యోగి. వాని హెల్మెట్టును నర్సయ్య ముమ్మారు వెదకి ఇచ్చియుండెను. నర్సయ్య హృదయమున ఇట్టి మహోపన్యాసము ఉప్పొంగెను: “ఓ కీబోర్డు ధనుర్ధరా! శిరస్త్రాణము పోయిననాడు నీ శిరము కాచిన నన్ను మరువకుము! నేడు నా పరువు ఏడు పండ్లలో నున్నది, ఆ పండ్లు డబ్బాలో నున్నవి, ఆ డబ్బా నీ అంతస్తున నున్నది, లెమ్ము!” వెలికి వచ్చినది మాత్రము ఇంతే: “సార్, జర మీతోని ఒక పనున్నది.”

కథ విని జశ్వంతు కన్నులు చెమర్చెను. “సీతాఫలాలాండీ? మా ఇంట్లో బియ్యం బస్తాలో మగ్గేసేవారండీ! నాకు ఒకటి ఇస్తారా?”

“ఒకటి మీదే సార్.”

“అయితే పదండి. నేను కార్డు గీకుతాను, మీరు నా వెనకాలే దూరిపోండి. ఎవరూ చూడరు.”

నర్సయ్య ఆగెను. మీసము నిమిరెను. ఆ క్షణమున వాడు పలికిన పలుకులు పాతాళపు స్తంభములకు తగిలి ప్రతిధ్వనించెను: “సార్! తొమ్మిదేండ్ల సంది ఈ తలుపుల కాడ నిలవడి ఒక్కటే మాట జెప్పిన. ఒక కార్డు, ఒక మనిషి! మా అయ్య బతికొచ్చి తలుపు కాడ నిలవడ్డా గదే రూలు! నా బిడ్డ కోసం నేను దొంగ లెక్క దూరితే, రేపు ఎవన్ని ఆపాలె? ఏ మొఖంతోని ఆపాలె? నేను విజిటర్ లెక్కనే వస్త. రాసుకోమను!”

అట్లు ద్వారపాలకుడు తానే అతిథియయ్యెను. మూడవ అంతస్తు లాబీలో రిజిస్టరు ముందర ఎల్లేశము కూర్చుండి పల్లీలు నములుచుండెను. ఎవరివో తెలియదు.

“నువ్వు విజిటరా, నర్సన్నా?”

“ఔ.”

“ఎవర్ని గలవాలె?”

“ఈ సారునే.”

“సారు నీ పక్కనే ఉన్నడు గదనే. కలిసినవ్ గద. ఇగ పో.”

“లోపల గలవాలె. రాస్కో.”

ఎల్లేశము నవ్వలేదు. నియమమనగా నియమము, దానిని వానికి నేర్పినదియు నర్సయ్యయే. పేరు రాసెను, ఊరు రాసెను, పనియనుచోట ‘సొంతము’ అని రాసెను, ఫోను కెమెరాకు ఎర్రని స్టిక్కరు అంటించెను, జేబులోని ఈలను అనుమానాస్పద వస్తువుగా భావించి డ్రాయరులో పెట్టెను. పిదప ఖాళీసంచిని తిప్పి, దులిపి, లోపల తల దూర్చి చూచెను. “ఖాళీ సంచితోని పోతున్నవ్. ఏం నింపుకొస్తవే?” అని వాడు అడిగినప్పుడు, తాను నేర్పిన విద్య తన మెడకే చుట్టుకొనుట జూచి నర్సయ్యకు కోపమును గర్వమును ఒక్కమారే కలిగెను.

తలుపు తెరచుకొనెను. హా! పటము తప్పాయెను! మూడు దినములలో కంపెనీ వారు కుర్చీలు బల్లలు మార్చివేసిరి. టీ చదరమున్నచోట మీటింగు గది మొలచినది. పూలకుండీ నడిచిపోయినది. మంచుగాలి వీచెడి ఆ ఉత్తరధ్రువమున, ఒక్కలాగే కనపడు రెండు వందల తెరల నడుమ, ఒక్కలాగే మెడ వంచిన రెండు వందల తలల నడుమ, నర్సయ్య కుంకుమబొట్టును వ్రేలితో నొక్కి పట్టుకొని నడచుచుండగా, ఎదురుగా నున్నది దారియనుకొని అద్దమునకు నుదురు మోదుకొనెను. అద్దము చెక్కుచెదరలేదు. కుంకుమ దానికంటి, వీరుడు వచ్చి పోయినట్లు గుర్తుగా నిలిచెను.

ఆపద ఒక్కటిగా వచ్చునా? మలుపు తిరుగగనే జనసమ్మర్దము. దినేశు అనువాని జన్మదినము. ఎవ్వరో నర్సయ్య భుజము పట్టి గుంపులోనికి లాగిరి, చప్పట్లు కొట్టించిరి, పాట పాడించిరి, కాగితపు పళ్ళెమున కేకుముక్క పెట్టి చేతికిచ్చిరి. తినక వదలరు. గడియారము రెండున్నర దాటుచున్నది. నర్సయ్య, ఎవడో ఎరుగని దినేశుకు నూరేండ్ల ఆయుస్సును మనసార దీవించి, కేకును రెండు గుటకలలో మింగి, గడ్డముమీద క్రీముతోనే పరుగెత్తెను. వెనుక జశ్వంతు, “యెస్, యెస్, నేనూ అదే అంటున్నాను” అని చెవిలోని మీటింగునకు మారుపలుకుచు పరుగెత్తెను.

కడకు యంత్రరాక్షసుడు దొరకెను. పక్కన డబ్బా దొరకెను. నర్సయ్య కన్నులు మూసికొని, ఇలవేల్పును తలచి, మోచేతివరకు చేయి దూర్చెను. అడుగు తగిలెను. ఉత్త డబ్బా!

“ఏం దేవులాడుతున్నవ్ తమ్మీ?” అని వెనుకనుండి వినవచ్చెను. హౌస్‌కీపింగు పోచమ్మ, తుడుపుకర్ర చేతబట్టి నిలిచియున్నది.

“అక్కా, ఈ డబ్బాల ఉన్న కాగితాలేడ వోయినయ్?”

“పొద్దుగాలనే నల్ల సంచిల గట్టి కిందికి దోలిన. ఇయ్యాల గింత బరువున్నదేందని నడుం బట్టుకున్న గూడ. ఏం, దస్తావేజులు గిట్ల వోయినయా?”

“కిందికంటే ఏడికక్కా?”

“ఏడికేంది? నీ కుర్చీ ఎనుకకే! పది అడుగులు లెవ్వు.”

శ్రోతలారా, ఆ వాసన! ఏ వాసనను కారు సెంటని చిన్నచూపు చూచెనో, ఏ నిధికై ఆపదల నెదుర్కొనెనో, అది పొద్దున నుండి వాని వీపు వెనుకనే కూర్చుండి పిలుచుచుండెను. నర్సయ్య తన ముక్కును తానే రెండు వ్రేళ్ళ పట్టి గుంజుకొనెను.

లిఫ్టు పన్నెండవ అంతస్తున తిష్టవేసినది. అయినను నియమము తప్పక రిజిస్టరులో పోవు వేళ రాసి, ఈలను విడిపించుకొని, మెట్లు దిగెను. దిగెనందునా, దొర్లెనందునా! వాడు పాతాళమును చేరునప్పటికి లారీ నిండినది, వెనుక తలుపు పడినది, బండి ర్యాంపు వైపు మూతి తిప్పినది.

అప్పుడు నర్సయ్య రిలీవరు చేతి పలకను లాగికొని, బండికి అడ్డముగా నిలిచి, తొమ్మిదేండ్ల ఊపిరినంతయు ఈలలోనికి ఊదెను. మూడు కార్ల అలారములు వాటంతటవి మ్రోగెను. లారీ జానెడు దూరమున ఆగెను.

“ఏందన్నా, సావ దలుచుకున్నవా?” అని డ్రైవరు తల బయటబెట్టెను.

“మెటీరియల్ బయటికి వోతే చెక్ జెయ్యాలె! ఒక్కొక్క సంచి! దించు!”

“కాగితాలేనే!”

“కాగితమో కనకమో, చూడంది ఈ ర్యాంపు ఎక్కనియ్య. నేనీడ కుర్చీల గూసునేందుకు రాలే!”

ఇరువది మూడు నల్లని సంచులు, అన్నియు ఒకే కడుపున పుట్టినట్లున్నవి. నర్సయ్య ఈమారు ముక్కును నమ్మెను. మొదటిది మూర్కొనెను: ఉత్త సిరా. మూడవది: ఎవరో పారవేసిన సమోసా. జశ్వంతు కూడ తాళ్ళు విప్పుచు, మీటింగులో ఎవరో పనికి అడ్డంకులేమైనా ఉన్నవా యని అడుగగా, మైకు తెరచియున్నదన్న సంగతి మరచి, “ఒక లారీ అడ్డంగా ఉందండీ, దింపుతున్నాం” అని నిజము చెప్పెను. అటుపక్క వారు ‘లారీ’ అని అడ్డంకుల పట్టికలో ఎక్కించుకొనిరట.

పదిహేడవ సంచి. ముడి విప్పకమునుపే నర్సయ్య ఆగిపోయెను. చెల్కగట్టు, తాత, ఎండుటాకుల మీద నడుచు చీమలు, చిన్ననాటి భవాని జిగట చేతులు, అన్నియు ఆ వాసనలో వచ్చెను. వాని కన్నులు నిండెను. గోరుతో ప్లాస్టిక్కు చీల్చెను.

ఏడింటిలో నాలుగు చితికి, ఎవరెవరి జీతముల రహస్యములతోనో కలిసి ముద్దయై యుండెను. మూడు మాత్రము చెక్కుచెదరక, కాగితపు పేలికల నడుమ, కన్నులన్నియు తెరచి వానినే చూచుచుండెను.

ఒకటి జశ్వంతునకు, అన్న మాట ప్రకారము. మిగిలినవి రెండు. ఆ రెంటిని సంచిలో పెట్టుచుండగా వెనుక నీడ పడెను. ఎల్లేశము! మూడు గంటలకు వాని లంచి విరామము. డబ్బాతో దిగివచ్చి, నిలిచి, వాసన జూచి, అంతయు గ్రహించెను.

“సీతాఫలాలు దాస్తివా, నర్సన్నా? నాకు తెల్వకుంట?”

నర్సయ్య సంచిని రొమ్మునకు హత్తుకొనెను. ఎన్నో అబద్ధములు నాలుక చివరికి వచ్చెను. వానినన్నిటిని మింగి, “భవానికిరా. ఆరో నెల. మన చెట్టుదే గావాలన్నది” అనెను.

ఎల్లేశము చేతి డబ్బాను నేల పెట్టెను. “బిడ్డ కోసమా? ముందుగాల్ల జెప్పరాదె? బియ్యం డబ్బాల నేనే పూడ్చి, అన్నం ఒండుకోకుంట కావలి గూసుందును గదనే. నేను గంత పాపిష్టోన్నా?” అని, వాడు చతికిలబడి, చితికిన నాలుగింటిని ముందు వేసికొని, కాగితములు ఉమ్ముచు తినసాగెను. నర్సయ్యకు సిగ్గుతో చెవులు వేడెక్కెను.

అయినను నియమము మిగిలియున్నది. వస్తువు బయటికి పోవలెనన్న గేటుపాసు కావలెను; తన వస్తువునకు తానే సంతకము చేయరాదు. ఎల్లేశము జిగట చేతిని ప్యాంటుకు తుడుచుకొని పుస్తకము తెరచెను. “వస్తువు: సీతాఫలాలు. రెండు. రిటర్నబులా, నాన్ రిటర్నబులా?”

“గింజలు తెచ్చిస్తరా.”

“గట్లైతే రిటర్నబుల్” అని వాడు గంభీరముగా గీత గీసెను.

ఆరింటికి డ్యూటీ దిగి నర్సయ్య మెట్రో ఎక్కెను. శుక్రవారపు సాయంత్రమున ఆ రైలుపెట్టెలో ఊపిరికే చోటుండదు, ఫలములకెక్కడిది? సంచిని నెత్తిమీద ఎత్తిపట్టి అమీర్‌పేట వరకు వచ్చెను. అచ్చట రైలు మారు తొక్కిసలాటలో ఎవని ల్యాప్‌టాపు సంచియో తగిలి ఒక పండు వీరమరణమొందెను. దాని రసము మోచేతిమీదుగా కారుచుండగా, రెండవదానిని టోపీలో పెట్టి, టోపీని కడుపునకు అదిమి, మియాపూరు దాక ఒంటికాలిమీద నిలిచెను.

భవాని తలుపు తీసెను. టోపీని చూచెను, తండ్రి గడ్డముమీద ఎండిన క్రీమును చూచెను. పండును రెండు చేతుల విప్పి, ఒక్క తొన నోట వేసికొనెను. నర్సయ్య గోడకానుకొని, కోర్టులో ముద్దాయివలె నిలుచుండెను.

“నాయినా, దీన్ల కాగితమున్నది.”

“కంపెనీ రహస్యం బిడ్డా, ఉమ్మెయ్యి.”

ఆమె ఉమ్మెను. గింజను అరచేతిలో వేసికొని చూచెను. కన్నులు మూసికొనెను. “మన చెట్టుదే” అనెను. ఇంకొక తొన, ఇంకొక తొన. మూడు వారములుగా ముద్ద దిగని గొంతు గుటగుటలాడుచుండెను.

నర్సయ్య గొంతులోని ముల్లు అప్పుడు కదలెను. “ఆ దినం నేను మోసపోలేదు బిడ్డా. నిన్నే మోసం జేసిన. బండి మీద గొన్న.”

“తెల్సు తియ్యి నాయినా” అనెను భవాని, ఆఖరి తొనను తండ్రి నోట పెట్టుచు.

ఇట్లు పాతాళము వదలి, పటము తప్పి, అద్దమునకు తగిలి, కేకును జయించి, లారీని నిలిపి, ఏడింటిలో ఒక్క ఫలమును, పిడికెడంతదానిని, పూర్ణముగా గమ్యము చేర్చిన నర్సయ్య విజయము దిక్కులన్నిటను మ్రోగుగాక! ఈ గాథ విన్నవారికి బేస్‌మెంటులో బండి పెట్టిన చోటు మరపునకు రాదు. లిఫ్టు తమ అంతస్తుననే నిలిచియుండును.

సోమవారము ఉదయము నర్సయ్య కాగితపు పొట్లము విప్పి రిజిస్టరు మీద పెట్టెను. ఎల్లేశము ఒక్కొక్కటిగా ముప్పది రెండు గింజలను లెక్కించి, “వాపసు వచ్చినవి” అని రాసి సంతకము చేసెను. ఆనక పొట్లమును మడిచి తన జేబులో పెట్టుకొని, “నర్సన్నా, గా ర్యాంపు పక్కపొంటి జర మట్టున్నది, చూసినవా?” అనెను.